మేకన్ దగ్గర ఒకసారి ఆగండి

(అట్లాంటా శివారులో తెలుగు మిత్రుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

మొదట ఒక చిన్న లెక్క తేల్చుకుందాం. ఈ గదిలో ఉన్నవారిలో పిల్లలను కారెక్కించుకుని ఓర్లాండో వెళ్లివచ్చినవారు చేతులెత్తండి. బాగుంది, దాదాపు అందరూ. ఇప్పుడు ఆ దారిలో మేకన్ ఊళ్లో ఆగినవారు మాత్రం చేతులు అలాగే ఉంచండి, మిగిలినవారు దించండి. ఇద్దరు. అందులో ఒకరు పెట్రోలు కోసమని సైగ చేస్తున్నారు. (నవ్వులు)

నేనూ మీలో ఒకడినే. అట్లాంటా నుంచి దక్షిణంగా ఎనభై మైళ్ల పైచిలుకు, గంటన్నర ప్రయాణం. చాలా ఏళ్లపాటు ఆ ఊరి బోర్డు పక్కనుంచి దూసుకుపోయాను. నన్ను అక్కడ ఆపింది మా పక్కింటి పెద్దాయన. లారీల మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఆదివారం పూట గ్యారేజి తలుపు పైకెత్తి, ఏదో ఒక ఇంజను ముందు వేసుకుని, పాటలు పెట్టుకునేవారు. ఒక ఆదివారం నేను చెత్తబుట్ట బయట పెట్టడానికి వెళ్లాను. ఆ గ్యారేజిలోంచి గిటారు వినిపించింది. మామూలు గిటారు కాదు. స్వరం మీద స్వరం మెట్లెక్కినట్టు కాకుండా, జారుతూ, పాకుతూ, ఒక చోట ఊగిసలాడి నిలబడుతోంది. చిన్నప్పుడు విజయవాడ రేడియోలో విన్న గోటువాద్యం గుర్తొచ్చింది. అడిగాను, ఇది ఎవరిదండీ అని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, జార్జియాలో ఇన్నేళ్లుగా ఉంటున్నావు, డ్వేన్ ఆల్‌మన్ తెలియదా అన్నారు. తంజావూరులో కాపురముండి త్యాగరాజు ఎవరని అడిగినట్టుంది నా ప్రశ్న.

ఆ తర్వాత చేసిన కాలక్షేపమే ఈ రోజు మీ ముందు పెడుతున్నాను. నిర్వాహకులు నాకిచ్చిన అంశం, సదరన్ రాక్, అంటే అమెరికా దక్షిణాది రాక్ సంగీతం, ఎందుకు నిలిచింది, మళ్లీ లేస్తుందా అని. మొదటి సగానికి నా దగ్గర జవాబు ఉంది. రెండో సగం గురించి నా అనుమానాలు నాకున్నాయి.

ఆ పేరుతోనే మొదటి చిక్కు. సదరన్ రాక్ అనే మాట డ్వేన్ తమ్ముడు, గాయకుడు గ్రెగ్ ఆల్‌మన్‌కు నచ్చేది కాదు. రాక్ సంగీతం పుట్టిందే దక్షిణాదిలో, మళ్లీ దక్షిణాది రాక్ అనడమేమిటి, రాక్ రాక్ అన్నట్టు ఉంటుంది కదా అనేవాడు. అది గొప్ప కోసం అన్న మాట కాదు. ఎల్విస్ పుట్టింది మిసిసిపీలోని టూపెలోలో. జెర్రీ లీ లూయిస్‌ది లూసియానా. లిటిల్ రిచర్డ్ అయితే సాక్షాత్తూ మేకన్‌లో పుట్టినవాడు. గాయకుడు ఓటిస్ రెడింగ్ పెరిగిందీ మేకన్‌లోనే. అయినా 1970 నాటికి రాక్ అంటే లండన్, కాలిఫోర్నియా అన్నట్టు అయిపోయింది. పుట్టింటి సొమ్ము పుట్టింటికి కొత్తగా తిరిగి వచ్చింది, ఆ రాకకే ఈ పేరు.

ఎలా వచ్చిందో చెబుతాను. మేకన్‌లో ఫిల్ వాల్డెన్ అని ఒక తెల్ల యువకుడు. ఓటిస్ రెడింగ్‌కు మేనేజరు. 1967 డిసెంబరులో విస్కాన్సిన్‌లో విమానం సరస్సులో కూలి ఓటిస్ చనిపోయాడు. అప్పటికి అతనికి ఇరవై ఆరేళ్లు. వాల్డెన్ దగ్గర స్టూడియో ఆలోచన ఉంది, ఊరు ఉంది, పాడే మనిషి లేడు. అదే సమయంలో అలబామాలోని మజిల్ షోల్స్‌లో, ఫేమ్ స్టూడియోలో, విల్సన్ పికెట్ లాంటి నల్లజాతి గాయకుల వెనక కూలికి గిటారు వాయిస్తున్నాడు డ్వేన్. ఆ వాయింపు విని వాల్డెన్ వెతుక్కుంటూ వెళ్లాడు. నీ చుట్టూ ఒక బృందాన్ని కట్టు, ఖర్చు నేను చూసుకుంటానన్నాడు. 1969 మార్చిలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఆరుగురు ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్‌గా కలిశారు, కొద్ది వారాల్లో మేకన్‌కు మకాం మార్చారు. వారి రికార్డుల కోసం పుట్టినదే క్యాప్రికార్న్ సంస్థ.

ఆ ఆరుగురిలో ఇద్దరు డ్రమ్మర్లు. బుచ్ ట్రక్స్ ఒకడు, తెల్లవాడు. జైమో ఇంకొకడు, నల్లవాడు, అంతకుముందు ఓటిస్ రెడింగ్ వెంట ఊరూరా తిరిగి వాయించినవాడు. సంవత్సరం గుర్తు పెట్టుకోండి. మార్టిన్ లూథర్ కింగ్‌ను మెంఫిస్‌లో కాల్చి చంపి ఏడాది దాటింది, అంతే. అలాంటప్పుడు జుట్టు భుజాల మీదికి పెంచిన ఐదుగురు తెల్ల కుర్రాళ్లు, ఒక నల్ల కుర్రాడు కలిసి జార్జియాలో ఒక చిన్న పట్నం నడిబొడ్డున ఒకే చోట ఉంటున్నారు, ఒకే బల్ల ముందు తింటున్నారు. ఊరు నోరెళ్లబెట్టింది.

తిండి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఊళ్లో హెచ్ అండ్ హెచ్ అని చిన్న భోజనశాల. అప్పట్లో నడిపింది లూయీస్ హడ్సన్ అనే నల్లజాతి మహిళ. మామా లూయీస్ అంటారు. ఈ కుర్రాళ్ల జేబులో డబ్బుండేది కాదు. వచ్చి రెండు ప్లేట్లు చెప్పి, అందరూ వాటి చుట్టూ మూగేవారు. ఆవిడ చూసి అందరికీ వడ్డించింది. డబ్బు తర్వాత ఇవ్వండి అంది. తర్వాత వారికి పేరు వచ్చాక ఆవిడను తమతో పర్యటనకు తీసుకెళ్లారు. ఆ భోజనశాల గోడల నిండా ఇప్పుడు ఆ కుర్రాళ్ల ఫోటోలే. మా పక్కింటాయన నన్ను మొదట తీసుకెళ్లింది అక్కడికే. శాకాహారికి అక్కడ పెద్దగా దొరికేదేమీ లేదు, మొక్కజొన్న రొట్టె మాత్రం రెండుసార్లు అడిగి వేయించుకున్నాను.

ఇప్పుడు డ్వేన్ వేలికున్న సీసా సంగతి. గ్రెగ్ చెప్పిన కథ ఇది. డ్వేన్ గుర్రం మీద నుంచి పడి మోచెయ్యి దెబ్బ తగిలించుకున్నాడు. తమ్ముడి వల్లే పడ్డానని మాట్లాడటం మానేశాడు. పుట్టినరోజు వచ్చింది. అన్నకు జలుబు కూడా చేసింది. గ్రెగ్ ఒక రికార్డు, ఒక కోరిసిడిన్ మాత్రల సీసా గుమ్మం ముందు పెట్టి, తలుపు కొట్టి పారిపోయాడు. రికార్డు తాజ్ మహల్ అనే పేరు పెట్టుకున్న అమెరికన్ బ్లూస్ గాయకుడిది. ఆగ్రా వాడేమీ కాదు, కంగారు పడకండి. (నవ్వులు) కొంతసేపటికి డ్వేన్ ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్లేసరికి మాత్రలన్నీ బల్ల మీద పోసి ఉన్నాయి. సీసా మీది కాగితం కడిగేసి, ఉంగరపు వేలికి తొడుక్కుని, ఆ గాజును తీగల మీద జారుస్తూ రికార్డుతో పాటు వాయిస్తున్నాడు. గోటువాద్యం వాయించేవారు కర్రముక్కతో చేసే పనిని ఇతను జలుబు మందు సీసాతో చేశాడు. రెండింటిలోనూ సూత్రం ఒకటే. మెట్ల మధ్య ఉన్న స్వరాలను వదిలిపెట్టకూడదు.

డ్వేన్ పక్కన రెండో గిటారు డికీ బెట్స్. అంతవరకు రాక్ బృందాల్లో పద్ధతి ఏమిటంటే, ఒకరు ముందుండి వాయిస్తారు, రెండోవారు వెనక తాళానికి తోడుగా గీకుతారు. ఇక్కడ ఇద్దరూ ముందే. మన నాదస్వరం జంట అయితే ఒకే పాటను ఒకే స్వరస్థానంలో వాయిస్తారు. ఈ ఇద్దరూ ఒకే పాటను వేర్వేరు స్వరాల మీద నడిపిస్తారు. ఒకరు షడ్జమం మీద నిలబడితే మరొకరు గాంధారం మీద, ఒకరు కదిలితే మరొకరు అంతే దూరంలో కదులుతారు. రెండు పట్టాల మీద ఒక బండి వెళ్లినట్టు. ఉన్నట్టుండి ఒకరు పట్టా తప్పించి సొంతంగా ఎగిరిపోతారు, మళ్లీ వచ్చి కలుస్తారు. ఆ కలిసే క్షణం కోసమే నేను ఇప్పటికీ వింటాను.

తాళం గురించి ఒక్క మాట. గ్రెగ్‌కు ఒక రాత్రి జాక్సన్‌విల్‌లో పాట తట్టింది. చీకట్లో వెతికితే కాగితం దొరకలేదు, కలం లేదు, పక్క గదిలో పసిబిడ్డ నిద్రపోతోంది, దీపం వేయడానికి లేదు. ఇస్త్రీ బల్ల మీది గుడ్డ మీద, కాల్చిన అగ్గిపుల్లల బొగ్గుతో పాట రాసుకున్నాడు. విప్పింగ్ పోస్ట్ అని ఆ పాట పేరు. దాని ఎత్తుగడ పదకొండు అక్షరాల మీద నడుస్తుంది. అది పదకొండు అని గ్రెగ్‌కు తెలియదు. మూడు మూళ్లు, మళ్లీ మొదటికి దూకడానికి ఒక రెండు, అంతే అనుకున్నాడు. అన్న లెక్క కట్టి చెబితే తెల్లబోయాడు. మన మృదంగం మాస్టారి దగ్గరికి వెళ్లే పిల్లలు ఈ గదిలో ఉన్నారు, వారికి చెప్పక్కర్లేదు. తకిట, తకిట, తకిట, తక. చప్పట్లు కొట్టి చూడండి. తకిట, తకిట, తకిట, తక. (సభికులు చప్పట్లు) చివరి తక దగ్గర అందరం తొందరపడుతున్నాం. ఫరవాలేదు, చివర్లో మళ్లీ చూద్దాం.

1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ అనే హాల్లో వాయించిన కచేరీలను రికార్డు చేసి, ఆ జూలైలో విడుదల చేశారు. ఆ ఇస్త్రీ బల్ల పాట అందులో ఇరవై మూడు నిమిషాలు సాగుతుంది. ఒక రికార్డు ఒక వైపు మొత్తం అదే. అట్ట మీది ఫోటో న్యూయార్క్‌లో తీసినది కాదు. మేకన్‌లో ఒక సందులో ఇటుక గోడ ముందు, సామాన్ల పెట్టెలు పేర్చి, వాటి ముందు కూర్చోబెట్టి తీశారు. వెనక అట్ట చూడండి. అక్కడ వాయించేవారు లేరు. సామాన్లు మోసేవారు, తీగలు బిగించేవారు, బండి నడిపేవారు ఉన్నారు. నేను ఎన్ని రికార్డుల అట్టలు చూశానో, కూలీల బృందానికి వెనక అట్ట మొత్తం ఇచ్చినది ఇంకొకటి నా కంటపడలేదు.

ఆ అక్టోబరు 29న మేకన్‌లో మోటారు సైకిలు మీద వెళుతూ ఒక లారీని తప్పించబోయి డ్వేన్ పడిపోయాడు. చనిపోయేనాటికి అతని వయసు ఇరవై నాలుగు. ఏడాది తిరిగి కొద్ది రోజులకు, 1972 నవంబరులో, బేస్ గిటారు వాయించే బెరీ ఓక్లీ, అక్కడికి మూడు వీధుల అవతల, అదే రకంగా మోటారు సైకిలు మీదే పోయాడు. అతనిదీ ఇరవై నాలుగే. ఇద్దరినీ రోజ్ హిల్ శ్మశానంలో, ఓక్మల్గీ నదికి ఎదురుగా ఉన్న వాలులో, పక్కపక్కనే పూడ్చారు. 2017లో గ్రెగ్ కూడా అక్కడికే చేరాడు. ఆ వాలు దిగుతుంటే కింద రైలు పట్టాలు కనబడతాయి. నేను వెళ్లినరోజు ఒక గూడ్సు బండి వెళ్లింది, చాలా పొడవైనది. అది పూర్తిగా పోయేదాకా మా పక్కింటాయన టోపీ తీసి చేత్తో పట్టుకునే ఉన్నారు. ఆ శ్మశానంలోనే ఎలిజబెత్ రీడ్ అనే ఎప్పటిదో ఒకావిడ సమాధి ఉంది. డికీ బెట్స్ అక్కడ కూర్చుని ఒక బాణీ కట్టి, దానికి ఆ రాతి మీది పేరే పెట్టాడు. పాటలో మాటలు లేవు. ఆవిడెవరో అతనికి తెలియదు.

ఇక జాక్సన్‌విల్ వెళదాం. ఈ కథలో రెండో ఇల్లు అక్కడుంది. లినర్డ్ స్కినర్డ్. ఈ పేరు వారి స్కూల్లో వ్యాయామం నేర్పే మాస్టారిది. జుట్టు పెంచినందుకు తరిమేవాడని ఆయన పేరునే వంకరటింకరగా రాసి బృందానికి పెట్టుకున్నారు. తర్వాత ఆయన రాజీపడి, ఒకసారి సొంత ఊళ్లో వారి కచేరీకి వేదిక మీద పరిచయం కూడా చేశారు. మాస్టార్లు సామాన్యులు కారు.

మీరు ఈ రెండు బృందాలనూ ఒకే గాటన కట్టకండి. ఆల్‌మన్ సోదరులది మనోధర్మం. ఈ రోజు వాయించినట్టు రేపు వాయించరు. స్కినర్డ్‌ది కల్పిత సంగీతం. మూడు గిటార్లు, ప్రతి గిటారు ప్రతి పలుకు ముందే కుదురుగా కూర్చినది. అది ఎక్కడ కూర్చారో తెలుసా? గ్రీన్ కోవ్ స్ప్రింగ్స్ అనే ఊరి దగ్గర, పొలంలో ఒక రేకుల షెడ్డు. ఫ్లోరిడా ఎండ, గాలి ఆడదు, పైన రేకులు. దానికి వారు పెట్టుకున్న పేరు నరకం ఇల్లు. పొద్దున్నే వచ్చి, చీకటిపడేదాకా, వారాల తరబడి అదే పాట. గాయకుడు రానీ వాన్ జాంట్ పాట రాసేవాడు, కానీ కాగితం మీద పెట్టేవాడు కాదు, తలలోనే పెట్టుకునేవాడు. గుర్తుండకపోతే అది గుర్తుంచుకోవలసిన పాట కాదన్నది అతని లెక్క.

ఫ్రీ బర్డ్ పాట అందరూ విన్నదే. వినకపోయినా, అమెరికాలో ఏ కచేరీలోనైనా వెనక వరుసలోంచి ఎవరో ఒకరు తాగిన గొంతుతో ఆ పేరు అరవడం విని ఉంటారు. (నవ్వులు) ఆ పాట స్వరాలు గిటారు వాయించే ఆలెన్ కాలిన్స్ చాలాకాలం ముందే కట్టి పెట్టుకున్నాడు. మరీ ఎక్కువ మలుపులున్నాయి, మాటలు పట్టవు అని రానీ పక్కన పెట్టేశాడు. చివరికి మాటలు కుదిరాయి. చివర్లో వచ్చే ఆ సుదీర్ఘమైన గిటారు పరుగు ఎందుకు వచ్చిందంటే, క్లబ్బుల్లో రాత్రికి ఎన్నో గంటలు పాడవలసి రావడంతో రానీ గొంతుకు కాస్త విశ్రాంతి కోసం. ముందు వచ్చే పియానో ఇంకో తమాషా. బిల్లీ పవెల్ వారి దగ్గర సామాన్లు మోసే కుర్రాడు. ఒక స్కూలు వేడుకలో విరామంలో పియానో ముందు కూర్చుని, ఈ పాటకు తాను కట్టుకున్న ఎత్తుగడ వాయించాడు. నీకు పియానో వచ్చని ఇన్నాళ్లూ చెప్పలేదేమని అడిగి బృందంలో చేర్చుకున్నారు. 1973లో రికార్డుకు ఎక్కింది. తొమ్మిది నిమిషాల పైన. వేదిక మీద దాన్ని డ్వేన్ ఆల్‌మన్‌కు అంకితం చేసేవారు.

1977 అక్టోబరు 20న సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్ నుంచి లూసియానాలోని బ్యాటన్ రూజ్‌కు వెళుతున్న వారి విమానంలో ఇంధనం అయిపోయింది. మిసిసిపీ అడవిలో చెట్ల మీద కూలింది. ఇరవై ఆరుగురిలో ఆరుగురు చనిపోయారు. రానీ, గిటారు వాయించే స్టీవ్ గెయిన్స్, అతని అక్క గాయని క్యాసీ, వారి పర్యటనలు చూసుకునే డీన్ కిల్‌ప్యాట్రిక్, ఇద్దరు పైలట్లు. మూడు రోజుల ముందే కొత్త ఆల్బం వచ్చింది. దాని అట్ట మీద బృందం మంటల మధ్య నిలబడి ఉంటుంది. ఆ అట్టను వెంటనే మార్చేశారు. ఆ ఫోటోలో రానీ వేసుకున్న చొక్కా మీద నీల్ యంగ్ బొమ్మ ఉంది. ఇది ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు చెబుతాను.

స్వీట్ హోమ్ అలబామా అనే పాట నీల్ యంగ్ మీద దాడి అని అందరూ అంటారు. నీల్ యంగ్ కెనడావాడు, దక్షిణాదిని బానిసత్వం విషయంలో దులిపేస్తూ రెండు పాటలు రాశాడు. దానికి బదులుగా 1974లో ఇది వచ్చింది. రాసిన ముగ్గురిలో ఒక్కడూ అలబామావాడు కాడు. ఇద్దరు ఫ్లోరిడా, ఒకడు కాలిఫోర్నియా. రికార్డు చేసింది ఇక్కడే, మన డోరవిల్‌లో. బిర్యానీ కోసం మనం వెళ్లే వీధులకు ఎంతో దూరం లేదు. నీల్ యంగ్‌కూ రానీకీ ఒకరి పాటలంటే ఒకరికి ఇష్టం. ఆ చొక్కాయే సాక్ష్యం.

అయితే దీన్ని ఇంతటితో తేలిగ్గా వదిలేయలేను. స్కినర్డ్ బృందం వెనక తెరమీద వేలాడిన జెండా, అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన పోరాడిన సైన్యం జెండా. మొదట్లో రికార్డు కంపెనీ ప్రచారం కోసం తగిలించిందని వారి వాదన. కావచ్చు. తగిలించినది ఎవరైనా, దశాబ్దాలపాటు దించనిది వారే. 2012లో వాడటం మానేస్తామన్నారు, అభిమానులు గోల చేస్తే వెనక్కి తగ్గారు. 2015లో చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిది మంది నల్లజాతివారిని కాల్చి చంపిన తర్వాత సౌత్ కరోలినా ప్రభుత్వమే ఆ జెండాను దించింది. ఫ్లోరిడాలోనే పుట్టిన టామ్ పెటీ, ఒకప్పుడు తన కచేరీల్లో దాన్ని వాడినందుకు ఆ సంవత్సరమే పశ్చాత్తాపం చెప్పాడు. మరోవైపు, అదే రానీ చేతి పిస్తోళ్లను ఎత్తి సముద్రంలో పారేయాలని పాట రాశాడు. పేద నల్లజాతి ముసలి వాద్యకారుడి దగ్గర కూర్చుని గిటారు విన్న పిల్లవాడి కథను పాటగా కట్టాడు. ఈ రెండూ ఒకే మనిషివి. నాకు ఈ బృందం పాటలు ఇష్టం. ఆ జెండా కింద నిలబడి వినడం మాత్రం నా వల్ల కాదు. మొదటిసారి ఒక సంతలో ఆ జెండా ఉన్న చొక్కాల దుకాణం పక్కనుంచి మా అమ్మాయి చెయ్యి పట్టుకుని నడిచినప్పుడు, తెలియకుండానే నా అడుగు వేగం పెరిగింది. సంగీతం వేరు, జెండా వేరు అని చెప్పేవారికి అడుగు అలా వేగం పెరిగి ఉండదు.

జైమో బతికే ఉన్నాడు. మేకన్‌కు వచ్చిన ఆ ఆరుగురిలో ఈనాడు మిగిలింది ఆయన ఒక్కడే. బెరీ పోయాక బేస్ అందుకున్న లామార్ విలియమ్స్ కూడా నల్లజాతివాడే. ఈ సంగీతం ఎవరిదని అడిగేవారు ఆ ఫోటోల ముందు ఒక్క నిమిషం నిలబడాలి.

మిగిలిన పేర్లు త్వరగా చెప్పేస్తాను, లేకపోతే తర్వాత కొట్టేవారున్నారు. సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్ నుంచి మార్షల్ టక్కర్ బ్యాండ్. ఇందులో ఆ పేరుగల మనిషి లేడు, అది ఒక అంధుడైన పియానో సవరించే ఆయన పేరు, వీరు అద్దెకు తీసుకున్న గది తాళంచెవి మీద ఉంది. రాక్ బృందంలో వేణువు కావాలంటే వీరిని వినండి. ఫిడేలుతో దయ్యాన్ని ఓడించిన కథ 1979లో పాడిన చార్లీ డేనియల్స్. టెక్సస్ నుంచి జీజీ టాప్. వీరికి నేను ఇచ్చే సమయం వారి గడ్డాల పొడవుకు తగినట్టు లేదు, క్షమించాలి.

ఒక దశలో ఈ సంగీతం దేశాధ్యక్షుణ్ణి కూడా మోసింది. 1975 నవంబరులో జార్జియా మాజీ గవర్నరు జిమ్మీ కార్టర్ ప్రచారానికి చేతిలో డబ్బు లేదు. ఆల్‌మన్ బ్రదర్స్ రోడ్ ఐలాండ్‌లో ఆయన కోసం కచేరీ చేశారు. వేరుసెనగ రైతు వైట్‌హౌస్‌కు వెళ్లే దారిలో ఆదుకున్నది ఆ బృందమేనని కార్టర్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు.

తర్వాత పతనం వేగంగా జరిగింది. 1976లో మత్తుమందుల కేసులో గ్రెగ్ తమ సొంత మనిషికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. బృందం విడిపోయింది. మరుసటి ఏడు ఆ విమానం. 1979లో క్యాప్రికార్న్ దివాలా తీసింది. ఆల్‌మన్ బృందం మళ్లీ కూడింది, విడిపోయింది, 1989లో మళ్లీ కూడింది. 2000లో డికీ బెట్స్‌ను తాము కట్టిన ఇంట్లోంచే బయటికి పంపారు. మాట ముఖాముఖి చెప్పలేదు, ఫ్యాక్సులో పంపారు. ఉమ్మడి కుటుంబాల్లో వేరుపడటం చూసినవారికి ఇదేమీ కొత్తగా ఉండదు.

నేను ఆ మాట కావాలనే అన్నాను, ఉమ్మడి కుటుంబం అని. ఈ సంగీతం ఎందుకు నిలిచిందంటే నాకు తోచిన కారణం అదే. చాలామంది ఊరి మట్టి అంటారు, స్వేచ్ఛ అంటారు, విస్కీ అంటారు. అవన్నీ ఏ ఊరి పాటలోనైనా ఉంటాయి. ఒకే ఇంట్లో కాపురం ఉంటే తప్ప రాని వాయింపు ఒకటుంది. మేకన్‌లో వైన్‌విల్ అవెన్యూలో పెద్ద ఇల్లు అని ఒకటుంది, ఇప్పుడది మ్యూజియం. బెరీ ఓక్లీ కుటుంబం అద్దెకు తీసుకుంటే అందరూ అక్కడే చేరారు, భార్యలు, పిల్లలు, గిటార్లు. పక్కవాడు ఎప్పుడు ఊపిరి పీల్చుకుంటాడో తెలిసినవారు మాత్రమే ఇరవై మూడు నిమిషాలు అలా నడపగలరు. అది పుస్తకంలో రాదు, కంప్యూటర్ పెట్టెలో రాదు. నరకం ఇంట్లో కలిసి చెమట పట్టినవారికి వస్తుంది.

అందుకే మళ్లీ లేస్తుందా అన్న ప్రశ్నకు నేను టోపీలు, బూట్లు చూడను. ఇప్పుడు టోపీలకు కొదవలేదు. 1990లో అట్లాంటా కుర్రాళ్లు బ్లాక్ క్రోస్ వచ్చినప్పుడు కూడా ఇదే మాట అన్నారు, మళ్లీ లేచిందని. వారికి పేరు తెచ్చిన పాటల్లో ఒకటి ఓటిస్ రెడింగ్ పాడినదే, మళ్లీ మేకన్. 2001లో డ్రైవ్ బై ట్రక్కర్స్ అనే అలబామా మూలాల బృందం స్కినర్డ్ కథను, ఆ జెండా చిక్కుతో సహా, రెండు డిస్కుల ఆల్బంగా చేసింది. నా దృష్టిలో ఈ సంగీతం తన ముఖం తాను అద్దంలో చూసుకున్నది అప్పుడే. అట్లాంటాలోనే ఉన్న బ్లాక్‌బెరీ స్మోక్ బృందం ఆల్బం 2015లో కంట్రీ సంగీతపు జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. రాక్ వాయించేవారు కంట్రీ అరలో అమ్ముడుపోయారంటే, రాక్ అర ఎంత ఖాళీ అయిందో చూడండి. టెక్సస్ నుంచి విస్కీ మైయర్స్ అనే బృందాన్ని ఒక టెలివిజన్ ధారావాహిక 2018లో ఇంటింటికీ చేర్చింది. పాత పాటలకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది.

లినర్డ్ స్కినర్డ్ పేరుతో ఒక బృందం ఇప్పటికీ తిరుగుతోంది. రానీ తమ్ముడు పాడుతున్నాడు. 2023లో గిటారు వాయించే గేరీ రోసింగ్టన్ పోవడంతో మొదటివారిలో ఒక్కరూ మిగల్లేదు. ఇది మోసమని కొందరంటారు. సురభి నాటకాలు చూసినవాణ్ణి, నాకు అలా అనిపించదు. తాతల వేషం మనవలు కట్టడం మనకు తెలుసు. అయితే సురభివారు పిల్లలను తెర వెనకే పెంచారు. ఇక్కడ టికెట్టు మాత్రమే వారసత్వంగా వచ్చిందా, వేషం కూడా వచ్చిందా అన్నది కచేరీకి వెళ్లి చూస్తే తెలుస్తుంది. నేను వెళ్లినప్పుడు సగం సగం అనిపించింది.

వేషం వచ్చిన మనిషి ఒకడున్నాడు. డెరెక్ ట్రక్స్. ఆల్‌మన్ బృందంలో డ్రమ్స్ వాయించిన బుచ్ ట్రక్స్‌కు అన్న కొడుకో తమ్ముడి కొడుకో అవుతాడు, వరసల్లో మనంత పట్టింపు వీరికి లేదు. 1979లో జాక్సన్‌విల్‌లో పుట్టాడు. తొమ్మిదేళ్లప్పుడు ఎవరి ఇంటి ముందో పాత సామాను అమ్ముతుంటే అయిదు డాలర్లకు గిటారు కొన్నాడు. చేతులు చిన్నవి, తీగలు నొక్కలేక గాజు గొట్టం తొడిగాడు. ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఆల్‌మన్ బృందంలో డ్వేన్ నిలబడిన చోట నిలబడ్డాడు. ఇక్కడే మనకు చుట్టరికం కలుస్తుంది. అతను కాలిఫోర్నియాలోని సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ సంగీత కళాశాలకు వెళ్లి మన రాగాలు నేర్చుకున్నాడు. సరోద్ మీద మెట్లుండవు, స్వరం జారుతుంది. నస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీని తన ఆల్బంలో గిటారు మీద వాయించాడు. మా పక్కింటి గ్యారేజిలో ఆ ఆదివారం నాకు గోటువాద్యం వినిపించడం భ్రమ కాదని అప్పుడు తెలిసింది.

2010లో అతను, భార్య సుసాన్ టెడెస్కీ కలిసి బృందం కట్టారు. పన్నెండు మంది. ఇద్దరు డ్రమ్మర్లు, బాకాలు ఊదేవారు, కోరస్ గాయకులు. పన్నెండు మందికి జీతాలిచ్చి బస్సుల్లో తిప్పడం ఈ రోజుల్లో ఎంత పిచ్చి పనో ఈ గదిలో చిన్న కంపెనీలు నడిపేవారికి తెలుసు. అయినా తిప్పుతున్నారు. సదరన్ రాక్ అని పేరు పెట్టుకోరు. గ్రెగ్ మాట విన్నట్టున్నారు.

మేకన్‌లో మూతపడిన క్యాప్రికార్న్ స్టూడియోను మెర్సర్ విశ్వవిద్యాలయం బాగుచేసి 2019 డిసెంబరులో తెరిచింది. కుర్ర బృందాలు అభ్యాసం చేసుకోవడానికి అందులో అద్దె గదులున్నాయి. నేను ఒక గది తలుపు బయట నిలబడి విన్నాను. లోపల ఎవరో ఒకే నాలుగు ఆవర్తాలు తప్పు వాయిస్తున్నారు, ఆగుతున్నారు, తిట్టుకుంటున్నారు, మళ్లీ మొదలుపెడుతున్నారు. ఇరవై నిమిషాలయ్యాక కూడా తప్పే వస్తోంది. నాకు చాలా ధైర్యం కలిగింది. (నవ్వులు)

భోజనాలు తయారని వెనక నుంచి సైగ చేస్తున్నారు. ఒక్క పని మిగిలింది. ఆ ఇస్త్రీ బల్ల పాట మొదలు మాత్రం వినిపిస్తాను, ఇరవై మూడు నిమిషాలు కాదు, భయపడకండి. ముందు బేస్ గిటారు ఒక్కటే వస్తుంది, అది బెరీ ఓక్లీ. దానితో చప్పట్లు కొట్టండి. గ్రెగ్ పాడటం మొదలుపెట్టాక లెక్క పన్నెండుకు మారుతుంది, అక్కడ నాలుగు తకిటలు. మృదంగం పిల్లలూ, మీరు ముందు వరుసలోకి రండి, మా అందరికీ మీరే ఆధారం. సిద్ధమా? తకిట, తకిట, తకిట, తక.

(పాట)